ఇంట్లో చంటిపాప, బడికి వెళ్లే బాబు: ఫ్లూ టీకా ముందు ఎవరికి?

ఒంగోలు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు ఎల్‌కేజీ చదివే నాలుగేళ్ల బాబు, మూడు నెలలు నిండిన పాప ఉన్నారు. బాబుకు నిరుడు రెండుసార్లు పిల్లికూతలు వచ్చి నెబులైజర్ పెట్టించాల్సి వచ్చింది. ఈ సెప్టెంబరులో బడి నుంచి ఫ్లూ టీకా శిబిరం పెడుతున్నామని చీటీ వచ్చింది. ‘మా కాలంలో ఈ సూదులన్నీ ఉన్నాయా’ అంటున్నారు అత్తగారు. ఆమెకు అరవై దాటాయి, షుగరు ఉంది. భర్త చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పని చేస్తారు, డబ్బు లెక్క చూసుకోక తప్పదు. బాబుకు గుడ్డు తింటే ఒంటి మీద దద్దుర్లు వస్తాయట. వేయించాలా వద్దా అని అడిగారు.

అమ్మా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా కాలంగా పిల్లల వైద్యం చేస్తున్నవాడిగా చెబుతున్నాను. మీరు బాబు గురించి అడిగారు గానీ, మీ ఉత్తరం చదివితే నాకు ముందు పాప గురించే దిగులు కలిగింది. ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా లేదు. ఏ దేశంలోనూ వేయరు. కానీ ఫ్లూ వస్తే ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ వయసుకే. గర్భంతో ఉన్నప్పుడు తల్లి టీకా వేయించుకుని ఉంటే పుట్టిన మొదటి నెలల్లో బిడ్డకు కొంత రక్షణ దొరికేది. అది జరగలేదు కాబట్టి, ఇప్పుడు పాపకు రక్షణ ఇవ్వాల్సింది చుట్టూ ఉన్న మనుషులే. బడి నుంచి వచ్చి చెల్లెల్ని ముద్దాడే అన్న, రోజంతా ఎత్తుకునే మీరు, స్నానం పోసే నానమ్మ. అందుకే నేను దీన్ని బాబుకు వేయించాలా వద్దా అన్న ప్రశ్నగా చూడను. ఉన్న డబ్బుతో ఇంట్లో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నదే అసలు లెక్క.

ముందు మీ అత్తగారి మాట. ఆమె చెప్పింది చాలావరకు నిజమే. ఫ్లూ వచ్చిన పిల్లల్లో ఎక్కువ మందికి మూడు నాలుగు రోజుల జ్వరం, ఆ తర్వాత వారం పది రోజుల దగ్గుతో తగ్గిపోతుంది. ఏ టీకా, ఏ మాత్ర లేకుండానే తగ్గుతుంది. ఆమెతో వాదించకండి. కానీ ‘ఎక్కువ మంది’లో చేరని పిల్లలు ఎవరో మనకు కొంతవరకు ముందే తెలుసు. రెండేళ్ల లోపు పసివాళ్లు, ఉబ్బసం లేదా తరచూ పిల్లికూతలు ఉన్నవాళ్లు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, మధుమేహం ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు. మీ ఇద్దరు పిల్లలూ ఈ జాబితాలో ఉన్నారు. షుగరు కారణంగా మీ అత్తగారు కూడా ఉన్నారు. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. మీరు చెప్పడం కంటే, షుగరు మందులు రాసే డాక్టరుతో చెప్పించండి.

ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. ఐదు జబ్బులకు కలిపి పసిపిల్లలకు వేసే పెంటావాలెంట్ టీకాలో ఫ్లూకు కూడా రక్షణ ఉందని కొందరు నమ్ముతారు. అందులో ఉన్న హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి) పేరులో ఇన్‌ఫ్లుయెంజా ఉన్నా, అది ఒక బ్యాక్టీరియాకు సంబంధించినది, ఫ్లూ వైరస్‌తో దానికి పని లేదు. భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించమని సిఫారసు చేస్తుంది. ఐదేళ్లు దాటాక పైన చెప్పిన ముప్పు ఉన్న పిల్లలకు చెబుతుంది. అమెరికా ప్రభుత్వం 2025 చివరి దాకా ఆరు నెలలు దాటిన ప్రతి ఒక్కరికీ సూచించేది. మన దగ్గర డోసు ధర బ్రాండును బట్టి సుమారు వెయ్యిన్నర నుంచి రెండు వేల పైచిలుకు ఉంటుంది. ఆరు నెలల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేసేటప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు ఇవ్వాలి. మరుసటి ఏడాది నుంచి ఒకటి చాలు. మీ ఇంటి లెక్క చూస్తే బాబుకు రెండు, మీకు ఒకటి, అత్తగారికి ఒకటి, మీ వారికి ఒకటి, డిసెంబరులో పాపకు ఆరు నెలలు నిండాక రెండు. మొత్తం ఏడు డోసులు, పది వేలు దాటే ఖర్చు. క్వారీ జీతం మీద బతికే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు.

నన్ను అడిగితే ఇలా చేయమంటాను. ఈ నెలలోనే బాబుకు మొదటి డోసు, మీకు ఒక డోసు వేయించండి. పాలిచ్చే తల్లికి ఈ టీకా సురక్షితమే, పాలు ఒక్క పూట కూడా ఆపనక్కర్లేదు. అక్టోబరులో బాబుకు రెండో డోసు, అత్తగారికి ఆమె డోసు. డిసెంబరు, జనవరి నెలల్లో పాపకు. ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదంటే మీ వారిది తగ్గించండి. పెద్దవాడు, ఆరోగ్యవంతుడు, జలుబు చేసిన రోజు మాస్కు పెట్టుకుని వేరే గదిలో పడుకోగలడు. కానీ బాబు రెండో డోసు మాత్రం మిగుల్చుకోకండి. మొదటిసారి టీకా పొందే పిల్లవాడికి ఒక్క డోసుతో రావాల్సిన రక్షణ రాదు. ఒక డోసు వేయించి రెండోది మరిచిపోయే కుటుంబాలు నాకు ఏటా కనిపిస్తాయి. మొదటి డోసుకు పెట్టిన డబ్బులో చాలా భాగం అక్కడే నీళ్లపాలవుతుంది.

ఇప్పుడే ఎందుకు అంటున్నానో చెబుతాను. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానల కాలంలోనూ అది ముగిసే రోజుల్లోనూ మరోసారి. దేశంలో చాలా చోట్ల నైరుతి వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో టీకా వేయించమనేది అందుకే. నెల్లూరు, ప్రకాశం తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు పెద్ద వానలు తెస్తాయి. తుపాను పట్టిందంటే తలుపులు మూసుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉంటారు, బడిలో కిటికీలు మూసేస్తారు. టీకా వేయించాక రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. బాబుకు రెండు డోసుల మధ్య నాలుగు వారాలు, ఆపై మరో రెండు వారాలు కలిపితే సెప్టెంబరులో మొదలుపెట్టినా నవంబరు దగ్గర పడుతుంది. పాపకు డిసెంబరులో మొదలుపెడితే జనవరి నుంచి మార్చి దాకా ఉండే ఫ్లూ రోజులకు అందుతుంది. సంక్రాంతికి కిక్కిరిసిన బస్సులో ఊరికి వెళ్లడం, వచ్చిన బంధువులందరూ పాపను చేతులు మార్చి ఎత్తుకోవడం, అన్నప్రాశన, అన్నీ ఆ రోజుల్లోనే కదా.

టీకా సీసా మీద ఏ సంవత్సరం, ఏ సీజన్‌కు తయారు చేసిందో రాసి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, ఏ రకాల వైరస్‌లను టీకాలో చేర్చాలో సూచిస్తుంది. వైరస్ రూపం మార్చుకుంటూ ఉంటుంది కాబట్టే ఏటా కొత్త టీకా. మీరు అడగాల్సింది ఒక్కటే, ఇప్పుడు అందుబాటులో ఉన్నవాటిలో తాజాది ఇదేనా, గడువు ఎప్పటి వరకు ఉంది అని. కొన్నింట్లో నాలుగు రకాలకు, కొన్నింట్లో మూడు రకాలకు రక్షణ ఉంటుంది. నాలుగుదే కావాలని తిరగనక్కర్లేదు. ఆ నాలుగో రకం, బి యమగాటా, 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని ఇక టీకాలో ఉంచాల్సిన అవసరం లేదని చెప్పింది. బ్రాండు గురించి నేను ఇంతకంటే పట్టించుకోను.

నేను పట్టించుకునేది చల్లదనం. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వేడెక్కినా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. మందుల దుకాణంలో కొని, క్యారీబ్యాగులో వేసుకుని, స్కూటరు మీద ఎండలో తీసుకొచ్చి ‘వేయండి సార్’ అనేవాళ్లను నేను వెనక్కి పంపుతాను. కొందరు జాగ్రత్త పేరుతో డీప్ ఫ్రీజర్‌లో పెడతారు, అదీ పనికిరాదు. బడి శిబిరానికి నేను వ్యతిరేకం కాదు. అయితే చీటీ మీద సంతకం పెట్టే ముందు కొన్ని సంగతులు కనుక్కోండి. టీకా పేరేమిటి, ఐస్ ప్యాకులు పెట్టిన పెట్టెలో తెస్తారా, వేసేటప్పుడు డాక్టరు ఉంటారా, రెండో డోసు ఎప్పుడు, ఎక్కడ, కార్డులో రాసి ఇస్తారా? రెండో డోసు గురించి జవాబు లేకపోతే శిబిరం వద్దు. బాబుకు పిల్లికూతల చరిత్ర ఉంది కాబట్టి, ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గరే వేయించడం నా మటుకు మేలు. వేయించే రోజు గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. ముక్కు కారుతున్నంత మాత్రాన వాయిదా వేయకండి, అలా వేస్తూ పోతే నాలుగేళ్ల పిల్లవాడికి ముక్కు కారని రోజు దొరకదు.

టీకా వేయిస్తే ఇక జలుబే రాదా? వస్తుంది. పిల్లల జలుబులకు కారణమయ్యే వైరస్‌లు చాలా ఉన్నాయి, ఇది ఫ్లూ ఒక్కదానికే. పసిపిల్లల్లో గుండెల్లో గురగుర, ఆయాసం తెచ్చే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వేరు, దాని మీద ఈ టీకా పని చేయదు. ఫ్లూ మీద కూడా, టీకాలోని రకాలు తిరుగుతున్న రకాలకు బాగా సరిపోయిన ఏడాదుల్లో డాక్టరు దాకా వెళ్లాల్సిన జబ్బును 40 నుంచి 60 శాతం వరకు తగ్గిస్తుందని అమెరికా లెక్కలు చెబుతాయి. జోరువానలో గొడుగు వేసుకున్నా కాళ్లు తడుస్తాయి, సంచిలో పుస్తకాలు మాత్రం తడవవు. ఈ టీకా చేసేదీ అంతే. బాబుకు జ్వరం వచ్చినా ఐసీయూ దాకా వెళ్లే అవకాశం తగ్గుతుంది. ‘సూది వేయించిన మర్నాడే జ్వరం వచ్చింది, టీకా వల్లే ఫ్లూ వచ్చింది’ అనేవాళ్లు మీకు ఎదురవుతారు. సూదితో వేసే ఈ టీకాలో బతికున్న వైరస్ లేదు, దాని వల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే.

డబ్బు ఖర్చు లేని జాగ్రత్తల గురించి కూడా మాట్లాడదాం. ముందు పాప ఉచిత టీకాల కార్డు తీయండి. ఫ్లూ తర్వాత వచ్చే న్యుమోనియాకు ముఖ్య కారణాల్లో ఒకటి న్యుమోకోకస్ బ్యాక్టీరియా. దాని టీకా పీసీవీ 2021 నుంచి మన రాష్ట్రంలో కూడా ఆరు వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ఉచితంగా వేస్తున్నారు. మీ పాపకు 14 వారాల డోసు ఇప్పుడే రావాలి. ఏఎన్ఎమ్‌ను అడిగి అది వేయించాకే మిగతా ఖర్చుల గురించి ఆలోచించండి. వేల రూపాయల టీకా కోసం నెల్లూరు దాకా వెళ్లి, ఉచితంగా ఇచ్చే డోసును వదిలేసినవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

బాబు బడి నుంచి రాగానే సబ్బుతో చేతులు, ముఖం కడిగించి, యూనిఫాం మార్చాకే చెల్లెలి దగ్గరికి పంపండి. ముద్దులు పాదాలకే పెట్టమనండి, పిల్లలు ఆ నియమాన్ని పెద్దవాళ్ల కంటే బాగా పాటిస్తారు. ఫ్లూ సోకినవాళ్ల నుంచి లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందు నుంచే వైరస్ వ్యాపిస్తుంది, ఆ తర్వాత ఐదారు రోజులు కొనసాగుతుంది. అందుకే జబ్బు వచ్చాక దూరం పెట్టడం ఒక్కటే సరిపోదు. మీ వారు క్వారీ బట్టలు గుమ్మం దగ్గరే విప్పి, స్నానం చేసి లోపలికి రావాలి. దుమ్ము ఫ్లూను తీసుకురాదు గానీ బాబు ఊపిరి గొట్టాలను రేపి పెడుతుంది, అలాంటి ఛాతీలో ఫ్లూ పడితే రెండింతలు బాధ. దోమల చుట్ట, సాంబ్రాణి పొగ పిల్లల గదిలో వద్దు, దోమతెర కట్టండి. బాబుకు డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్ ఉంటే ‘ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా’ అని ఆపకండి. మీకే ఫ్లూ వస్తే మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని పాలివ్వండి, పాలు మాన్పించకండి.

ఇక నన్ను ఎక్కువగా భయపెట్టేవి జ్వరం కంటే జ్వరానికి ఇంట్లో చేసే వైద్యాలు. పారాసెటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, రోజుకు నాలుగు సార్లు మించకుండా. బాబు 15 కిలోలు ఉంటే ఒకసారికి 150 నుంచి 225 మిల్లీగ్రాములు. చిక్కు ఎక్కడంటే, సీసాలన్నీ ఒకటి కావు. ఐదు మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములు ఉండే సిరప్ ఉంది, 250 ఉండే సిరప్ ఉంది, ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండే చుక్కల మందు ఉంది. సిరప్ అనుకుని చుక్కల మందును ఐదు మిల్లీలీటర్లు పోస్తే 500 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తాయి, బాబుకు అది రెండింతల కంటే ఎక్కువ. అలాగే రోజంతా పోస్తే కాలేయం దెబ్బతింటుంది. సీసా మీద చదివి, దానితో వచ్చిన కొలత గిన్నెతోనే పోయండి, ఇంటి చెంచాతో వద్దు. నిమెసులైడ్ పన్నెండేళ్ల లోపు పిల్లలకు మన దేశంలో 2011 నుంచి నిషేధం. ఆస్పిరిన్ ఫ్లూ ఉన్న పిల్లలకు ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. వానల రోజుల్లో మన దగ్గర డెంగీ కూడా ఉంటుంది కాబట్టి, అది కాదని తేలే వరకు ఐబూప్రొఫెన్ కూడా సొంతంగా ఇవ్వకండి. గట్టి జ్వరం ఉండి ముక్కు కారడం, దగ్గు ఏమీ లేకపోతే నేను ఫ్లూ కంటే ముందు డెంగీని అనుమానిస్తాను.

దగ్గు మందుల విషయంలో 2025 అక్టోబరు తర్వాత ఎవరికీ చెప్పనక్కర్లేదనుకున్నాను. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి పసిపిల్లలు చనిపోయారు. ఆ నెలలోనే కేంద్రం రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వవద్దని, ఐదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా అవసరం లేదని మళ్లీ గుర్తు చేసింది. అయినా అడుగుతూనే ఉన్నారు. బాబుకు గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా తేనె ఇవ్వవచ్చు. పాపకు ఏడాది నిండే వరకు తేనె చుక్క కూడా నాకించకండి, అత్తగారికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి. మరుగుతున్న నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టడం వల్ల కాలిన పిల్లలు ప్రతి చలికాలం ఆసుపత్రులకు వస్తారు. కర్పూరం నూనెలో కలిపి పసిపిల్లల ఛాతీకి, ముక్కుకు రాయడం కూడా వద్దు, అది ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు చాలు. మిరియాల చారు, వాము నీళ్లు పెద్దపిల్లలకు పోస్తే నాకేమీ అభ్యంతరం లేదు. నిరుడు మిగిలిన యాంటీబయాటిక్ మాత్రం ఫ్లూకు ఏమీ చేయదు.

ఎప్పుడు పరుగెత్తాలి? పాపకు ఒళ్లు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఏ మందూ వేయకుండా ఆ రోజే, రాత్రయినా సరే, డాక్టరుకు చూపించండి. ఆ వయసులో జ్వరాన్ని ఇంట్లో గమనించేది లేదు. ఇద్దరిలో ఎవరికైనా ఊపిరి వేగం అనిపిస్తే, ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా తీసి పూర్తి నిమిషం లెక్కపెట్టండి. పాపకు నిమిషానికి 50, బాబుకు 40 వచ్చినా దాటినా వేగంగా ఉన్నట్టే. పక్కటెముకల కింద ఛాతీ లోపలికి గుంజుకోవడం, పెదవులు నీలిబారడం, పాలు తాగలేకపోవడం, లేపినా మత్తుగా ఉండటం, ఫిట్స్, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆర్‌ఎంపీ దగ్గర ఆగకండి. ఒంగోలులో ఇప్పటికీ అందరూ రిమ్స్ అనే పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మీకు దగ్గరే, 108కి ఫోను చేయండి. జ్వరం తగ్గి, ఒకటి రెండు రోజుల్లో దగ్గు పెరిగి మళ్లీ జ్వరం వస్తే న్యుమోనియా అనుమానించాలి.

ఫ్లూకు మందు కూడా ఉంది, ఒసెల్టామివిర్. లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే బాగా పని చేస్తుంది. మామూలు పిల్లలకు తేలికపాటి ఫ్లూలో అవసరం లేదు. కానీ మీ ఇద్దరు పిల్లలకూ ముప్పు ఉంది కాబట్టి, ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో గట్టి జ్వరం వస్తే మూడో రోజు దాకా చూద్దాం అనుకోకుండా మొదటి రోజే డాక్టరును ఈ మందు గురించి అడగండి. దీని మోతాదు కూడా బరువును బట్టే ఉంటుంది, దుకాణంలో అడిగి కొనకండి. జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బాబును బడికి పంపండి. హాజరు బహుమతి ఇచ్చే బళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే.

గుడ్డు సంగతి. చాలా ఫ్లూ టీకాలను కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో తయారు చేస్తారు, అందుకే ఒకప్పుడు గుడ్డు పడనివాళ్లకు వేయడానికి జంకేవాళ్లం. టీకాలో మిగిలే గుడ్డు ప్రొటీన్ అతి స్వల్పమని తేలాక ఆ జంకు పోయింది. దద్దుర్లు మాత్రమే వచ్చే బాబుకు నిరభ్యంతరంగా వేయవచ్చు. అడ్డంకి అయ్యేది గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే. అయినా గుడ్డు విషయం డాక్టరుకు ముందే చెప్పండి, టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి, రెండో డోసు తేదీ కార్డులో రాయించుకున్నాకే బయలుదేరండి.